రెండంగుళాల పాత బోరు పైపులు ఇంటి దగ్గర కోసుకోవడానికి: నేను వాడి చూసిన నాలుగు పనిముట్లు

మా చెల్క జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోయే తోవలో, మిడ్జిల్ దాటక ముందే ఉంటుంది. బోరులో మోటారు 420 అడుగుల మీద వేలాడేది. ఇరవై అడుగుల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు ఇరవై ఒకటి, సాకెట్లతో ఒకదానికొకటి బిగించినవి. మూడేళ్ల కింద మోటారు కాలిపోతే పైకి గుంజించి, నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపుతో మళ్లీ దించాం. అప్పటి నుంచి ఈ ఇనుప పైపులు కొట్టం పక్కన వర్షానికి తడుస్తూ పడి ఉన్నాయి. పాత సామాను కొనేటాయన కిలోకు ముప్పై ఇస్తానన్నాడు. పది గుంటల్లో కాకర పందిరి వేద్దామని అప్పటికే మా ఇంట్లో అనుకుంటున్నాం. పందిరి గుంజలకు కొత్త పైపు కొంటే దానికి రెండింతలు పైనే అయ్యేటట్టుంది. అందుకే అమ్మలేదు.

లెక్క చాలా తేలిక. గుంజ ఎనిమిది అడుగులు, అందులో అడుగున్నర భూమిలోకి. ఒక పైపుకు రెండు గుంజలు వచ్చి నాలుగడుగుల ముక్క మిగులుతుంది. అంటే పైపుకు రెండు కోతలు, మొత్తం నలభై రెండు. ఊళ్లో వెల్డింగ్ షాపు తమ్ముణ్ణి అడిగితే కోతకు నలభై అన్నాడు, పైపులు తెచ్చి ఇయ్యాలన్నాడు. ట్రాక్టరు ట్రాలీ పోనూ రానూ కలుపుకుంటే మూడు వేలకు దగ్గర పడింది. ఆ డబ్బులతో ఒక మిషనే వస్తుంది కదా, పందిరి అయ్యాక కూడా మన దగ్గరే ఉంటుంది కదా అనిపించింది.

పెళ్లికి ముందు నేను బాదేపల్లిలో ఒక హార్డ్‌వేర్ షాపులో ఆరేళ్లు బిల్లులు రాశాను. ఏ డిస్కు ఎంత, ఏ మిషన్ ఎన్నిసార్లు వాపసు వస్తుంది అన్నది తెలుసు. కానీ ఒక్క పైపు కూడా నా చేత్తో కోయలేదు. ఈ నలభై రెండు కోతల్లో నేర్చుకున్నంత ఆ ఆరేళ్లలో నేర్చుకోలేదు. మా ఆయన వారమంతా హైదరాబాద్‌లో సైట్ పని మీద ఉంటాడు కాబట్టి ఈ పని నాదీ, మా చిన్నమామదీ.

ముందుగా పైపు సంగతి చెప్పాలి. ఏ పనిముట్టు కొనాలన్నది పైపు మందాన్ని బట్టే తేలుతుంది. జీఐ పైపుల్లో మూడు రకాలుంటాయి. పసుపు పట్టీ ఉంటే ఏ క్లాసు, పలుచనిది. నీలం పట్టీ బీ క్లాసు. ఎర్ర పట్టీ సీ క్లాసు, అన్నిటికంటే మందం. రెండంగుళాల పైపు ఏ క్లాసుదైనా బయటి కొలత 60.3 మిల్లీమీటర్లే. గోడ మందం మాత్రం పసుపుకు 2.9, నీలానికి 3.6, ఎరుపుకు 4.5 మిల్లీమీటర్లు. మా పైపుల మీద రంగు ఎప్పుడో పోయింది. వెర్నియర్ పెట్టి కొలవబోతే లోపల ఉప్పునీళ్ల తెల్లపొర పెంకులాగా పేరుకుని ఉండటంతో ఐదున్నర చూపించింది. పొర గీకేసి మళ్లీ కొలిస్తే నాలుగున్నర. అనుమానం తీరక పాత సామాను ఆయన కాంటా మీద ఒక పైపు పెట్టించాను. 38 కిలోలు. సీ క్లాసు రెండంగుళాల పైపు మీటరుకు ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది, ఇరవై అడుగులకు సరిగ్గా అంతే వస్తుంది. తుప్పు పైపైనే ఉందని, లోపల ఇనుము తిన్నది పెద్దగా లేదని కూడా ఆ కాంటాతోనే ధైర్యం వచ్చింది. మీ దగ్గరున్న పాత పైపు సగం తుప్పు తినేసిందేమో అనుకుంటే తూకం వేసి చూడండి, కళ్లతో చూస్తే తెలియదు.

మొదట హాక్సాతో మొదలుపెట్టాం. మా చిన్నమామ బావుల మీద ఆయిల్ ఇంజన్లు నడిచిన కాలం నుంచి హాక్సాతోనే పైపులు కోసిన మనిషి. "మిషనెందుకు బిడ్డా, కరెంటు దండుగ, రెండు రోజుల్ల కోసిస్త" అన్నాడు. ఆయన మాట తీసెయ్యకుండా రెండు బ్లేళ్లు తెచ్చాను. ఒకటి పది రూపాయల మామూలు బ్లేడు, ఇంకొకటి ఎనభై పెట్టి బైమెటల్ బ్లేడు. మామూలు దాన్ని కొంచెం వంచితే పుటుక్కున విరుగుతుంది. బైమెటల్ విరగదు, దాని పళ్లు గట్టి ఉక్కు, వీపు మెత్తటి ఉక్కు.

బ్లేడు కొనేటప్పుడు అంగుళానికి ఎన్ని పళ్లో అడగండి. 18, 24, 32 పళ్లవి దొరుకుతాయి. పైపు గోడ మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆనుకుని ఉండాలి, లేకపోతే పన్ను గోడ అంచుకు తట్టుకుని ఊడిపోతుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల గోడకు 18 పళ్లది సరిగ్గా సరిపోతుంది, 24 పళ్లది ఇంకా నున్నగా పోతుంది కానీ ఆలస్యం. పలుచని ఏ క్లాసు పైపు అయితే 32 పళ్లదే తీసుకోండి. పళ్ల కొనలు ముందుకు చూసేటట్టు బిగించాలి, తోసేటప్పుడు బలం, గుంజేటప్పుడు ఊరికే జారనివ్వాలి. మా మామ నిమిషానికి నలభై తోపుల కంటే ఎక్కువ ఎప్పుడూ తొయ్యడు. మా మరిది కొడుకు వచ్చి జోరుగా గీకితే పది నిమిషాల్లో బ్లేడు నున్నబడింది. జోరు ఎక్కువైతే పళ్లు వేడెక్కి పదును పోతుందని మామ అప్పటికే చెబుతున్నాడు.

మామ ఒక కోతకు పన్నెండు నిమిషాలు తీసుకున్నాడు, నాకు ఇరవై దాటింది. అంచు మాత్రం అద్దంలా వచ్చింది. నిప్పురవ్వ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఇంట్లో ఒకటి రెండు కోతలు ఉన్నవాళ్లకు నేను మిషన్ చెప్పను. 250 రూపాయల గట్టి ఫ్రేమూ, ఒక బైమెటల్ బ్లేడూ చాలు. కానీ ఫ్రేము దగ్గర పిసినారితనం వద్దు. రేకు ఫ్రేము బ్లేడును బిగుతుగా పట్టుకోదు, కోత పక్కకు పోతుంది, పైపు అవతలి వైపుకు వచ్చేసరికి అరంగుళం తేడా. నలభై రెండు కోతలకు మాత్రం అరవై ఏడేళ్ల మనిషి భుజాన్ని అరగదీయడం నాకు ఇష్టం లేకపోయింది. నాలుగో కోతకే ఆయన కుడిచెయ్యి ఎత్తి పట్టుకోవడం చూశాను.

రెండోది చక్రం పైపు కట్టర్. ఊళ్లో నల్లా పనులు చేసే అన్న దగ్గర ఉంటే అడిగి తెచ్చుకున్నాను. పైపు చుట్టూ బిగించి తిప్పుతూ, తిప్పినప్పుడల్లా పిడి కొంచెం బిగిస్తూ పోవాలి. కొత్త పైపుకు, చూడి (మర) కొట్టే పనికి ఇది బంగారంలాంటి వస్తువు, కోత నిట్టనిలువుగా వస్తుంది. మా పైపుల మీద తుప్పు గుంతలు ఉండటంతో చక్రం గీత తప్పి పాములాగా పక్కకు పాకింది. పైగా చక్రం ఇనుమును లోపలికి నొక్కుతూ కోస్తుంది కాబట్టి లోపల అంచు ముడుచుకుని నోరు సన్నబడుతుంది. గుంజకైతే పర్వాలేదు, నీళ్లు పోయే పైపుకైతే రీమర్‌తోనో ఆకురాయితోనో దాన్ని తీయాల్సిందే. అదే రోజు వాపసు ఇచ్చేశాను.

ఇక గ్రైండర్, డిస్కును తిప్పుతూ ఇనుము కోసే చేతి మిషన్. షాపుల్లో ఏజీ ఫోర్ అని అడుగుతారు కదా, ఆ నాలుగంగుళాలది. నలభై రెండులో ముప్పై ఒక్క కోతలు దీంతోనే అయ్యాయి.

మొదట కొన్నది 1,150 రూపాయలది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయను, పెట్టె మీద 850 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది. పదకొండో కోతలో వెనక గాలి తూట్ల నుంచి నీలం మంట కనిపించింది, కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే కార్బన్లు (మోటారుకు కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు) అరిగి ముక్కలైపోయాయి, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) నల్లబడింది. షాపుకు తీసుకుపోతే కటింగ్ మిషన్లకు వాపసు లేదన్నారు. నేను కూడా ఒకప్పుడు అదే కౌంటర్‌లో కూర్చుని అదే మాట చెప్పినదాన్ని కాబట్టి గొడవ పడలేదు. కానీ ఆ రోజు ఇంటికొచ్చి చాలా బాధపడ్డాను. ఆ డబ్బు నాలుగు రోజుల కూలి.

రెండోది బాష్ వాళ్లది. ఆరు వందల పైచిలుకు వాట్లే. కాగితం మీద మొదటి దానికంటే తక్కువ. చేతిలో పట్టుకుంటే మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది. స్విచ్ వేయగానే గుంజదు, మోత సమంగా ఉంటుంది, పది నిమిషాలు వరసగా నడిపినా గేరు తల చెయ్యి పెట్టగలిగేటంత వేడే. అన్నిటికంటే ముఖ్యంగా మహబూబ్‌నగర్‌లో దీని కార్బన్లు నలభై యాభై రూపాయలకు ఎక్కడైనా దొరుకుతాయి. వాట్లు చూసి మిషన్ కొనకండి. దాని కార్బన్లు మీ దగ్గరి పట్నంలో దొరుకుతాయా అని అడిగి, దొరికితేనే కొనండి. నాకు 2,600 పడింది, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాను.

మిషన్ గురించి ఎంత ఆలోచించామో డిస్కు గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించాలి. కోసేది అదే, పగిలితే మన మీదికి వచ్చేదీ అదే. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 సార్లు అటూ ఇటూగా తిరుగుతుంది. అంటే డిస్కు అంచు గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన వేగంతో పోతున్నట్టు లెక్క. ప్రతి డిస్కు మీదా అది తట్టుకునే వేగం రాసి ఉంటుంది. నాలుగంగుళాల దానికి 14,000 పైనే ఉంటుంది, మన మిషన్‌కు దిగులు లేదు. ఏడంగుళాల డిస్కు మీద 8,500 దగ్గర ఉంటుంది. పద్నాలుగంగుళాల దానికి నాలుగు వేల చిల్లరే. ఎందుకు చెబుతున్నానంటే, లోతు కోయాలని గార్డు (డిస్కు మీద ఉండే ఇనుప కప్పు) విప్పేసి చిన్న గ్రైండర్‌కు పెద్ద డిస్కు బిగించే వాళ్లను మా షాపు ముందరే చాలామందిని చూశాను. రంధ్రం సరిపోకపోతే వాషర్ పెట్టి మరీ బిగిస్తారు. 8,500కు తయారుచేసిన డిస్కును 11,000 వేగంతో తిప్పితే అది ఎప్పుడు పగిలేదీ ఎవరూ చెప్పలేరు. అలా పగిలిన ముక్క ఒకాయన దవడను చీల్చింది. కన్నుకు రెండు వేళ్ల దూరం. రక్తంతో తడిసిన తువ్వాలు పట్టుకుని ఆయన మా షాపు మెట్ల మీద కూర్చున్నది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. మా ఇంట్లో గార్డు విప్పితే గ్రైండర్ లోపల పెట్టేస్తానని మరిది కొడుక్కి మొదటి రోజే చెప్పాను.

డిస్కు నడిమి ఇనుప రింగు మీద చిన్న అక్షరాలతో నెలా సంవత్సరమూ గుద్ది ఉంటుంది. అది ఆ డిస్కు గడువు. డిస్కును పట్టి ఉంచే జిగురు కాలం గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ బలం కోల్పోతుంది, అందుకని తయారైన మూడేళ్లకు గడువు పెడతారు. మేం షాపులో అది ఎన్నడూ చూసి అమ్మలేదు, కొనేవాళ్లు అడగనూ లేదు. ఈసారి నేను అడిగితే కౌంటర్‌లో ఉన్న పిల్లవాడు ఆశ్చర్యపోయి, బల్బు కింద పెట్టి చదివి, రెండు డిస్కులు పక్కకు తీసేశాడు. అట్లా చూసి ఇచ్చిన షాపుకు మళ్లీ మళ్లీ పోవాలనిపిస్తుంది.

మందం విషయానికొస్తే 1.2 మిల్లీమీటర్ల పలుచని డిస్కు కొనండి. మూడు మిల్లీమీటర్ల మందం డిస్కు ఎక్కువ రోజులు వస్తుందని అమ్ముతారు, వస్తుంది కూడా. కానీ ప్రతి కోతలోనూ అంత వెడల్పు ఇనుమును పిండి చేయాలి, మిషన్ మూలుగుతుంది, పైపు ఎర్రబడుతుంది. పలుచనిదైతే ఒక కోత నిమిషంన్నరలో అయిపోయింది. ఒక్కో డిస్కు నాలుగైదు కోతలు వచ్చింది. నార్టన్, క్యూమీ రెండూ వాడాను, నాకు పెద్ద తేడా కనిపించలేదు. పేరు లేని పదిహేను రూపాయల డిస్కు మాత్రం రెండో కోత సగంలోనే బొంగరమంత అయిపోయింది. పలుచని డిస్కుతో ఒక్క జాగ్రత్త ఉంది: దాన్ని పక్కకు ఒత్తకూడదు, దాంతో అంచులు అరగదీయకూడదు. ఆ పనికి ఆరు మిల్లీమీటర్ల గ్రైండింగ్ డిస్కు వేరే ఉంటుంది.

నాలుగంగుళాల డిస్కుతో రెండంగుళాల పైపు ఒక్క దెబ్బకు తెగదు, లోతు చాలదు. తెగాల్సిన అవసరమూ లేదు. గోడ నాలుగున్నర మిల్లీమీటర్లే కాబట్టి పైపును తిప్పుకుంటూ చుట్టూ కోసుకోవాలి. దీనికి గీత సరిగ్గా ఉండాలి. మేం పెళ్లి ఫ్లెక్సీ నుంచి నాలుగంగుళాల వెడల్పు పట్టీ కత్తిరించుకున్నాం. పైపు చుట్టూ రెండు చుట్లు బిగుతుగా చుట్టి, అంచు మీద అంచు కలిసేటట్టు సర్ది, ఆ అంచు వెంట సుద్దతో గీస్తే చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే గీత వచ్చి కలుస్తుంది. అంచులు కలవకపోతే పట్టీ వంకర ఉన్నట్టు, మళ్లీ చుట్టాలి. ఈ పైపు చుట్టుకొలత 19 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, అరమీటరు పట్టీ ఉంటే చాలు.

ముందుగా గీత వెంట చుట్టూ ఒక మిల్లీమీటరు లోతు గాడి పెట్టుకుంటాను. రెండో చుట్టులో డిస్కు ఆ గాడిలోనే తనంతట తాను నడుస్తుంది. చేతి బరువు వేయను, మిషన్ బరువు చాలు. మోత సన్నగా, ఒకే శ్రుతిలో ఉన్నంతసేపు సరిగ్గా పోతున్నట్టు. గొంతు బొంగురుపోయిందంటే ఒత్తుతున్నట్టు, వెంటనే చెయ్యి తేలిక చేయాలి. గోడ తెగి డిస్కు లోపలికి దిగినప్పుడు రవ్వల దారి మారుతుంది. అంతదాకా కాళ్ల వైపు వెళ్లే రవ్వలు ఒక్కసారిగా పైపు లోపలికి దూరి అవతలి నోట్లో నుంచి మెరుస్తూ బయటికి వస్తాయి. మొదటిసారి అది చూసి భయపడ్డాను. అవతల పైపు నోరు ఎక్కడ ఉందో ముందే చూసుకోవాలని అప్పుడే తెలిసింది, అక్కడికి రెండు గజాల్లో వరిగడ్డి వాము ఉంది. మిగతా కోతలన్నీ పైపులు తిప్పి పెట్టుకుని, బక్కెట్ నీళ్లు పక్కన పెట్టుకునే కోశాం. పని అయ్యాక అరగంట అక్కడే కూర్చునేవాళ్లం.

చీర కొంగుతో ఈ పని వద్దు. నేను మా ఆయన పాత కాటన్ చొక్కా, ప్యాంటు వేసుకున్నాను, జడ చుట్టి బట్ట కట్టుకున్నాను. మెడలో తువ్వాలు, లుంగీ, పాలిస్టర్ బట్ట ఏదీ వద్దు. కళ్లద్దాలు ఒక్కటే చాలవు, ముఖమంతా కప్పే అడ్డం రెండు వందలకే దొరుకుతుంది. చెవుల్లో దూది కాదు, స్పాంజి బిళ్లలు పెట్టుకోండి.

ఇప్పుడు పైపును కదలకుండా బిగించి పట్టుకునే వైస్ గురించి. ఇది లేకుండా గ్రైండర్ కొనొద్దనే చెబుతాను. ఏడో కోత దాకా పైపును రెండు వైపులా రాళ్ల మీద పెట్టి మధ్యలో కోశాం. కోత చివరికొచ్చేసరికి పైపు తన బరువుకే మధ్యలో కిందికి కుంగింది, కోత పైనోరు మూసుకుంది, డిస్కు ఇరుక్కుంది. గ్రైండర్ నా చేతుల్లో నుంచి ఒక్క గుంజు గుంజి ఛాతీ వైపు లేచింది. పక్కపిడి ఉండబట్టి, రెండు చేతులతో పట్టుకోబట్టి ఆగింది. డిస్కు ముక్కలై గార్డుకు తగిలి కింద పడింది. వెల్డింగ్ షాపు తమ్ముడు అటు పోతూ చూసి బండి ఆపాడు. "అక్కా, గట్ల రెండు దిక్కుల ఆనిచ్చి నడుమ కోస్తె అది నోరు మూసుకుంటది. కోసే ముక్కను గాల్లె ఇడ్వాలె, అది కిందికి వంగితె నోరు తెర్సుకుంటది" అని, రాయి జరిపి చూపించాడు. ఆ తర్వాత మళ్లీ ఇరుక్కోలేదు.

మర్నాడే 1,900 పెట్టి చైన్ వైస్ తెచ్చాను. వేపమొద్దు మీద నాలుగు బోల్టులతో బిగించాం. గొలుసు పైపు చుట్టూ తిప్పి పిడి బిగిస్తే 38 కిలోల పైపు కదలదు, వదులు చేసి పావు చుట్టు తిప్పి మళ్లీ బిగించడానికి పది సెకన్లు. గొలుసు వైస్‌కు రెండంగుళాలదీ నాలుగంగుళాలదీ ఒకటే, మామూలు దవడల వైస్‌లో గుండ్రటి పైపు జారుతుంది. పొడవు తోకను వైస్ ఎత్తులోనే ఇంకో మొద్దు మీద ఆనించాలి.

పద్నాలుగంగుళాల కటింగ్ మిషన్ కూడా చూశాను, ఒక రోజు కిరాయికి. చాప్ సా అంటారు. దానితో ఒక్కో కోత అరనిమిషం, అంచు మూలమట్టానికి సరిగ్గా, తిప్పే పని లేదు. పనితనంలో దానికి వంక పెట్టలేను. చిక్కంతా మా కరెంటుతో వచ్చింది. అది 2,200 వాట్లది, పది ఆంపియర్లు గుంజుతుంది, మొదలైన క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. మా ఇంటి నుంచి కొట్టం దాకా ముప్పై మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు, ఒక చదరపు మిల్లీమీటరుది. ఆ వైరులోనే పదకొండు వోల్టులు పోతాయి. సాయంత్రం మా ఊళ్లో వోల్టేజి ముందే 190కి పడిపోతుంది. మిషన్ మూలుగుతూ లేచేది, కోతలో ఆగిపోయేది, వైరు చుట్ట వేడెక్కింది. అదే వైరు మీద గ్రైండర్ మూడు ఆంపియర్లతో హాయిగా నడిచింది. పెద్ద మిషనే కావాలనుకుంటే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, పదహారు ఆంపియర్ల సాకెట్ ముందు ఏర్పాటు చేసుకోండి, వైరు చుట్టను పూర్తిగా విప్పి పరవండి.

ఇక్కడే ఇంకో మాట. బోరు స్టార్టర్ పెట్టెలో నుంచి రెండు వైర్లు లాగి మిషన్‌కు ఇయ్యొద్దు. అక్కడ ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు, మన మిషన్ 230కి చేసినది. మా పక్క చెల్క ఆయన అట్లా ఇచ్చి కొత్త డ్రిల్లు స్విచ్ వేసిన మరుక్షణమే కాల్చుకున్నాడు. మనిషికి ఏమీ కాలేదు, అదే నయం.

కిరాయి ఐదు వందలు, ఏడు కోతలు, మిగతా రోజంతా కరెంటు కోసం ఎదురుచూపు. రోజూ పైపు కోసే షాపుకు అది సరైన వస్తువు. మాలాంటి ఇంటికి కాదు.

గ్యాస్ కటింగ్ ఇంటి దగ్గర ఆలోచించనే వద్దు. జీఐ పైపు విషయంలో మరీ వద్దు. కొన్ని సాకెట్లు పట్టేసి రాకపోతే వెల్డింగ్ షాపులో మంట పెట్టి వేడి చేయించి ఊడదీశాం. పైపు పట్టుకుని దగ్గరే నిలబడ్డాను. తెల్లటి పొగ, గొంతులో తియ్యటి లోహపు రుచి. జీఐ పైపు మీద ఉండేది జింకు పూత, 907 డిగ్రీల దగ్గరే అది ఆవిరైపోతుంది, ఇనుము కరగడానికి 1,500 దాటాలి. అంటే ఇనుము కరగక ముందే జింకంతా పొగై మన ఊపిరిలోకి వస్తుంది. ఆ రాత్రి పదింటికి వణుకు పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు, కీళ్ల నొప్పులు, జ్వరం. మర్నాడు మధ్యాహ్నానికి తగ్గింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు రోజు ఏం చేశావమ్మా అని అడిగి, పైపుల సంగతి చెప్పగానే జింకు పొగ జ్వరం అన్నది. వెల్డింగ్ వాళ్లు దీనికి పాలు తాగుతారు. పాలతో అది ఆగదని, పొగ పీల్చకుండా గాలి వచ్చే వైపు నిలబడాలని ఆమె చెప్పింది. గ్రైండర్‌తో కోసినప్పుడు ఆ పొగ చాలా తక్కువ, అయినా మేం ఆరుబయటే, గాలికి ఎదురుగా నిలబడకుండానే కోశాం.

ఖర్చు మొత్తం చెబుతాను. కాలిపోయిన గ్రైండర్ 1,150, బాష్ 2,600, చైన్ వైస్ 1,900, డిస్కులు పది దాకా మూడు వందల యాభై, హాక్సా ఫ్రేమూ బ్లేళ్లూ మూడు వందల నలభై, ముఖం అడ్డం రెండు వందలు, కిరాయి ఐదు వందలు. ఏడు వేలు దాటింది. వెల్డింగ్ షాపులో కోయిస్తే మూడు వేలు. లెక్క ప్రకారం నష్టమే, దాచిపెట్టను. మొదటి గ్రైండర్, కిరాయి మిషన్ లేకుంటే ఐదు వేల చిల్లరతో పోయేది. ఆ ఐదు వేల వస్తువులు మా కొట్టంలో ఉన్నాయి. మొన్న గేటు కడ్డీ విరిగితే నేనే కోసి పెట్టాను, నాగలి బోల్టు పట్టేస్తే తల కోసి తీశాను.

ఎవరైనా ఇప్పుడు కొంటుంటే వరస ఇట్లా పెట్టుకోమంటాను: ముందు చైన్ వైస్, తర్వాత మంచి డిస్కులు, మిగిలిన డబ్బుతో కార్బన్లు దొరికే కంపెనీ గ్రైండర్. చాలామంది దీన్ని తలకిందులుగా కొంటారు, డబ్బంతా మిషన్ మీద పెట్టి పైపును కాలి కింద తొక్కిపెట్టి కోస్తారు.

గుంజలు నలభై రెండూ పాతేశాం, తీగ లాగడం నడుస్తోంది. నాలుగడుగుల ముక్కలు ఇరవై ఒకటి మిగిలాయి. పందిరి మూలలకు ఊతాలుగా వాటి కొసలు ఏటవాలుగా కోయాలి. ఫ్లెక్సీ పట్టీతో ఏటవాలు గీత రాదు, మామ గట్టి కాగితం మీద అచ్చు కత్తిరించి ఇస్తానన్నాడు. ఆ కోతలు అయ్యాక గ్రైండర్ ఎట్లా నిలబడిందో ఇదే రివ్యూ కింద రాస్తాను.